భావసార క్షత్రియుల అద్దకం, గోధుమగా తిరిగే ఎరుపు

గుడ్డకు రంగులద్దే కులమైన భావసార క్షత్రియులు ఈ పనిలోకి ఎలా వచ్చారని అడిగారు. పటికతో అద్దిన ఎరుపు గోధుమగా తిరుగుతోందనీ రాశారు. మొదటిదానికి చెప్పుకునేది కులగాథే: పరశురాముడి బారి నుంచి భావసింగ్, సారసింగ్ అనే రాజకుమారులను హింగులాంబిక దేవి కాపాడి, కత్తి వదిలి రంగు పట్టమందట. ఆ దేవి హింగ్లాజ్ గుడి ఇప్పుడు పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో ఉంది. దీన్ని చరిత్రగా మాత్రం రాసేయకండి.

ఇక ఎరుపు. రంగు కాచింది ఇనప గిన్నెలోనా? అయితే తప్పు అక్కడే. ఇనుము కరక్కాయ ఒగరుతో కలిస్తే నలుపు, ఎరుపునిచ్చే రంగు అలిజరిన్‌తో కలిస్తే ముదురు ఊదా. రాగి గిన్నో స్టీలు గిన్నో పెట్టండి. కాసింకారం (ఇనుముతో చేసే నల్లరంగు) తగిలిన అచ్చును పటికకు వాడొద్దు. గిన్నె మంచిదే అయితే పటికను అనుమానించాలి: పటిక నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి వేయండి, నల్లబడితే అందులోనే ఇనుముంది. అద్దకానికి ముందు గుడ్డకు పట్టించే కరక్కాయ పొడి కిలో గుడ్డకు 200 గ్రాములు సరిపోతుంది. గుడ్డలోని గంజి అంతకుముందే పూర్తిగా పోవాలి. పటిక అద్దాక 2, 3 రోజులు ఆరనిచ్చి పారే నీళ్లలో జాడించండి. మిగులు పటిక వదలకపోతే రంగునీళ్లలో ఉడికేటప్పుడు అచ్చు పడని తెల్లభాగం కూడా ఎర్రబారుతుంది. మచిలీపట్నం, పెడన కలంకారీవాళ్లు కాలువ నీళ్లు వెతుక్కునేది ఇందుకే. ఉడికించేటప్పుడు మంట నెమ్మదిగా పెంచండి, గుడ్డ కదుపుతూ ఉండండి.