మూత దగ్గర ఆగిన పిల్ల

ప్రశ్న: విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్లల చేత సొంత కవితలు చెప్పించాలని ఉంది. రాయడం బాగానే రాస్తున్నారు. స్టేజీ ఎక్కితే మాత్రం గడగడా అప్పజెప్పేసి దిగిపోతున్నారు. మీరు బడుల్లో నేర్పుతుంటారు కదా, ఏం చేయమంటారు?

జవాబు: టీచరు గారూ, ముందు వాళ్ల కాగితాలు చూడండి. గొంతు సంగతి తర్వాత. ఇంట్లో ఎప్పుడూ పలకని మాటలు రాసుకుంటే ఎవరైనా గడగడానే చదువుతారు.

పోయినేడు సముద్రం పక్కన ఒక బడిలో ఓ అమ్మాయి ‘సాగర తరంగాల సంగీతం’ అని మొదలుపెట్టింది. వాళ్ల నాన్న వేటకెళ్తాడు. “పడవ రావడం ఆలస్యమైతే ఇంట్లో ఏం జరుగుతుందే?” అని అడిగాను. కాసేపు గోరు కొరుక్కుని, “మా యమ్మ అన్నం మూత తీస్తాది, సూస్తాది, మల్లీ పెట్టేస్తాది” అంది. అదే రాయమన్నాను. “తీస్తుంది అని కదా మేడమ్ రాయాలి?” అని నన్నే దిద్దబోయింది. వద్దన్నాను. స్టేజీ మీద ‘మల్లీ పెట్టేస్తాది’ దగ్గర ఆగిపోయింది. మర్చిపోయిందనుకుని వెనక నుంచి ఎవరో అందివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాను. గిన్నె మీద మూత సర్దేంత సేపు ఆగి, తర్వాతి పాదం చెప్పింది. ఆ ఆగడం నేను నేర్పింది కాదు.

దిద్దితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట ఓ పిల్లాడు రాసిన ‘గెడ్డ’ను నేనే ‘సెలయేరు’ చేశాను. వాడు సరిగ్గా ఆ మాట దగ్గరే తడబడి, ఏడుస్తూ దిగాడు. మీరు ఎంచుకున్న రోజేమో గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు! ఆయన వాడుక భాష కోసం పోరాడిన మనిషి, సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేసిన మనిషి. మీ క్లాసులో సవర పిల్లలుంటే ఒక పాదమైనా వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి.

లయ కావాలనుకుంటే మీ విజయనగరం గురజాడే ఉన్నారు. ఆయన వాడిన ముత్యాల సరం అనే ఛందస్సు నడక మూడు మాత్రలు, నాలుగు మాత్రలు. ‘తకిట తకధిమి’ అని చప్పట్లతో రెండు రోజులు ఆడిస్తే చాలు. గణాలు బోర్డు మీద రాయకండి, టెన్షన్ పడతారు.

ప్రాక్టీసు గదిలో వద్దు. ఒకరు వరండా చివర, ఇంకొకరు కుళాయి దగ్గర నిలబడాలి. వినపడకపోతే కుళాయి దగ్గరున్నవాళ్లు చెయ్యెత్తాలి. ఊపిరి తీసుకునే చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టించండి. ‘సూర్యుడు’ అనగానే చెయ్యి పైకెత్తే యాక్షన్లు మాన్పించండి, నాకు వాటిని చూస్తే ఒళ్లు మంట.

ఇంకొకటి. మైకు స్టాండు ఎప్పుడూ హెడ్మాస్టరు గారి ఎత్తుకే బిగించి ఉంటుంది, పిల్లలు మెడలు సాగదీసుకుని చదువుతారు. ఆ రోజు పొద్దున్నే వెళ్లి మీరే దించి పెట్టండి.