గెడ్డ పక్కన డంపింగ్ యార్డు: మేనకోడలికి ఉత్తరం

అమ్మా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. పట్నం చెత్తంతా తెచ్చి మీ గెడ్డ (వాగు) పక్కన మెట్టలో పోస్తారట, సర్వేవాళ్లు వచ్చి రాళ్లు కూడా పాతి వెళ్లారట. వార్డు మెంబరువి కాబట్టి ఊరంతా నీ ముఖమే చూస్తోంది. ఆ టెన్షన్ నాకు తెలుసు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. మహిళా సంఘం మీటింగులో అందరికీ చదివి వినిపించు.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల నేల కోసం జనం ఏళ్ల తరబడి దీక్షలు చేసినప్పుడు నేనూ ఆ శిబిరంలో కూర్చున్నాను, నీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ కడతామన్నది థర్మల్ కేంద్రం, మీకు వచ్చింది చెత్త. అయినా దారి ఒకటే. 2010 జూలై 14న పోలీసులు కాల్చారు, మనవాళ్ల ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ రెండు వార్తలూ ఒకే రోజు విన్నవాణ్ణి నేను. కాగితాల్లో పనికిరాని నేలగా రాసుకున్న బీల నిజానికి వరికి నీళ్లిచ్చే, చేపలు దొరికే చిత్తడి నేల. ఆ సంగతి ఢిల్లీకి చేరాలంటే ఇక్కడ ఎవరో ఒకరు కూర్చుని రాయాలి, ఫొటోలు తీయాలి, గడువు దాటకుండా అప్పీలు వేయాలి. అందుకే నీకు ముందు రాతపని గురించే చెబుతున్నాను.

ఆ మెట్ట సర్వే నంబరు పట్టుకో. అడంగల్ (సాగు వివరాల రికార్డు), ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పటం) నకళ్లు తీసుకో. రికార్డులో గయాలు (వదిలేసిన భూమి) అనో, బంజరు అనో ఉంటుంది. ఆ ఒక్క మాట చూసే అధికారులు ఖాళీ జాగా అనుకుంటారు. అక్కడ ఎన్ని మేకలు మేస్తాయి, ఎవరి కళ్లాలు ఉన్నాయి, వానాకాలం నీళ్లు ఏ వైపు నుంచి గెడ్డలోకి దిగుతాయి, ఆ గెడ్డ కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయి, మీరే నడిచి లెక్క రాయండి. పేదలకిచ్చిన డి-పట్టా భూములు అందులో ఉన్నాయేమో తప్పకుండా చూడు. ఉంటే ఆ ఇళ్లవాళ్లే ముందు వరసలో కూర్చోవాలి, మాట్లాడాలి. పోయేది వాళ్ల భూమి. ఊరి పెద్దలు వాళ్ల తరఫున మాట్లాడేస్తే కుదరదు.

నీళ్ల పరీక్ష ఈ వారమే చేయించు. బోర్లు, బావులు, గెడ్డ, అన్నింటి నీళ్లూ గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు ఇచ్చి, తేదీతో రిపోర్టు తీసుకో. రేపు నీళ్లు పాడైతే, ముందే అలా ఉన్నాయని అనే వీలు ఎవరికీ ఉండకూడదు. హైదరాబాద్ పక్కన జవహర్‌నగర్ చెత్త గుట్ట నుంచి కారిన మురుగు మల్కారం చెరువును ఏం చేసిందో వెళ్లి చూసిరండి. అయిదారుగురు వెళ్లినా చాలు. అక్కడి ఆడవాళ్లతో మాట్లాడండి. ఆ వాసన పీల్చి వచ్చినవాళ్ల మాట నా ఉత్తరం కంటే బలంగా ఉంటుంది.

సమాచార హక్కు కింద అర్జీ పెట్టు. పంచాయతీలో రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ జాగా ఎవరు ఎంపిక చేశారు, ఇంకా ఏ జాగాలు చూశారు, రోజుకు ఎన్ని టన్నులు తెస్తారు, కారే మురుగు ఎక్కడికి పోతుంది, ఇవే అడుగు. 2016 ఘన వ్యర్థాల నియమాల్లో చెత్త పూడ్చే జాగా నదికి 100 మీటర్లు, చెరువుకు, ఇళ్లకు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరంలో ఉండాలని రాశారు. ఇప్పుడు అమల్లో ఉన్న నియమాల కాపీ సంపాదించి, టేపు పెట్టి కొలవండి.

పెద్ద ప్లాంటయితే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను ఘోరంగా తప్పు చేసింది ఇక్కడే. ఒకసారి ఒక ప్రాజెక్టు సభలో కోపం ఆపుకోలేక మైకు లాక్కున్నాను. మావాళ్లు కుర్చీలు విసిరారు. గెలిచామనుకుని నినాదాలు చేసుకుంటూ బయటికి వచ్చేశాం. మేం పోయాక మిగిలినవాళ్లు మాట్లాడారు, సభ ముగిసింది. మినిట్స్ తెచ్చి చూస్తే మా ఊరి మాట ఒక్కటీ లేదు. ఆ కాగితం చూసినప్పుడు పడ్డ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

మీరు అలా చేయొద్దు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి, అదీ సభకు ముందే. అంతా వీడియో తీయాలి. చివర్లో నమోదైన అభిప్రాయాలను తెలుగులో చదివి వినిపించాలి. ఆ చదవడం అయ్యేదాకా ఒక్కరు కూడా లేచి వెళ్లకండి. ఒక్కొక్కరు ఒక్కొక్క విషయం చెప్పాలి: ఒకరు గెడ్డ, ఒకరు మేత, ఒకరు బడి దారిలో లారీలు. అందరూ "వద్దు వద్దు" అంటే ఒక్క అభ్యంతరంగా రాసేస్తారు. రాతపూర్వకంగా కూడా ఇచ్చి, రశీదు తీసుకోండి. పర్యావరణ అనుమతి వచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు. మనకు చెన్నై బెంచి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు, కానీ దాన్ని నమ్ముకోవద్దు.

గ్రామసభ తీర్మానంలో కారణాలు రాయించు, సర్వే నంబర్లతో సహా. పంచాయతీ కార్యదర్శి సంతకం, ముద్ర ఉన్న నకలు నీ దగ్గర ఉండాలి.

ఇక కుర్రాళ్ల సంగతి. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ రాయి చేతిలోకి తీసుకోనివ్వకు. 2024 నవంబర్ 11న వికారాబాద్ జిల్లా లగచర్లలో భూసేకరణ గురించి మాట్లాడటానికి వచ్చిన అధికారుల మీద దాడి జరిగింది. ఆ నెలాఖర్లో ప్రభుత్వమే ఆ భూసేకరణ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది. అప్పటికీ రైతులు జైల్లోనే ఉన్నారు. మన పిల్లల్లో కానిస్టేబులు ఉద్యోగానికి చదివేవాళ్లు ఎంతమంది! ఒక్క కేసు పడితే వాళ్ల బతుకేమవుతుంది?

ఒక మాట నీకు నచ్చకపోవచ్చు. పట్నం చెత్త ఎక్కడికో ఒక చోటికి పోవాలి. మనం సంతకీ ఆస్పత్రికీ వెళ్లేది ఆ పట్నానికే. "పక్క ఊరికి పంపండి" అని ఎవరైనా అంటే ఆపు. ఆ పక్క ఊళ్లో ఎస్సీ కాలనీ దగ్గరికి తోసి మనం గెలిచామనుకుంటే నేను మీ ఇంటికి రాను. తడి చెత్త, పొడి చెత్త పట్నంలోనే వేరు చేస్తే బయటికి పోయేది ఎంతో తగ్గుతుంది. బొబ్బిలి మున్సిపాలిటీకి ఈ పనిలో మంచి పేరుంది, అక్కడికి వెళ్లి చూడండి. మన పట్నంలోనూ అలా వేరు చేయమని అడగండి, మీ అర్జీలో అది కూడా రాయండి. అప్పుడు కలెక్టరు ముందు మీ మాటకు బరువు ఉంటుంది.

కాంట్రాక్టు ఉద్యోగాలు ఇస్తామని కొందరు ఇళ్లకు వస్తారు. ఊరు రెండయ్యేది అక్కడే. ఆశపడ్డవాళ్లను ద్రోహులనకు. ఎన్ని ఉద్యోగాలు, ఎంత జీతం, ఎన్నేళ్లు అని రాసిమ్మని ఊరంతా కలిసి అడగండి.

శనివారం పాసింజరుకి వస్తున్నాను. సమాచార హక్కు అర్జీ నేను రాసి తెస్తాను. గెడ్డ మీద ఉదయాన్నే నడుద్దాం, ఎండ ఎక్కకముందే. మేకలు కాసే ముసలాయన్ని కూడా రమ్మను. నీళ్లు ఏ వైపు దిగుతాయో ఆయనకే బాగా తెలుసు.

మీ మావయ్య