పదేళ్ల భరణమా, 80 నెలల మొత్తం ఒకేసారా?

ప్రశ్న: మా విడాకుల ఒప్పందం చివరి దశలో ఉంది. నాకు 41 ఏళ్లు, చిన్న ఉద్యోగం, ఒక పాప. ఆయనది సొంత వ్యాపారం. భరణం పదేళ్లపాటు నెలనెలా తీసుకోవచ్చు, లేదంటే 80 నెలలకు సరిపడే మొత్తం ఒకేసారి ఇచ్చేస్తామంటున్నారు. 40 నెలల డబ్బు వదులుకోవాలంటే మనసు రావడం లేదు. అలాగని ప్రతి నెలా ఎదురుచూడాలంటే టెన్షన్. ఏది మేలు?

జవాబు: 120 పక్కన 80 పెట్టి చూస్తే మూడో వంతు పోయినట్టే ఉంటుంది. కానీ ఇవాళ చేతిలో పడే డబ్బుకు, తొమ్మిదేళ్ల తర్వాత వచ్చే డబ్బుకు విలువ ఒకటి కాదు. ఆ 80 నెలల మొత్తాన్ని డిపాజిట్లలో పెట్టారనుకోండి. పన్ను పోను ఏటా 6 శాతం వడ్డీ వస్తూ, మీరు నెలనెలా భరణమంత తీసుకుంటూ ఉంటే, ఆ డబ్బు సుమారు 102 నెలలు వస్తుంది. అంటే ఎనిమిదిన్నరేళ్లు. నిజానికి మీకు తగ్గేది చివరి 18 నెలలే.

కాబట్టి ఆలోచించాల్సింది ఒక్కటే. ఎనిమిదిన్నరేళ్లు దాటాక కూడా ఆయన నెల తప్పకుండా కడుతుంటారా? ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

నా దగ్గరికి వచ్చే ఒకావిడ, భరణం పడిన రోజును క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టేవారు. మొదటి ఏడాది సున్నాలన్నీ 5వ తేదీ మీదే. రెండో ఏడాదికి 12, 19 మీదికి జరిగాయి. మూడో ఏడాది ఒక నెలలో సున్నాయే లేదు. బకాయి చివరికి వసూలైంది, కోర్టు ఆవిడ వైపే నిలబడింది. అయితే లాయరు ఫీజు, ఆఫీసుకు పెట్టిన సెలవులు ఆవిడ ఖాతాలోనే పోయాయి.

నెలవారీ భరణం మధ్యలో ఆగే దారులు కూడా ఉన్నాయి. మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇంగ్లండ్‌లో అది దానంతటదే ఆగిపోతుంది. భారత్‌లో హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద ఆయన కోర్టుకెళ్లి మార్చమనో, రద్దు చేయమనో అడగవచ్చు. ఆదాయం పడిపోయిందని తగ్గించమనీ అడగవచ్చు. జీతగాడికి పే స్లిప్ ఉంటుంది, వ్యాపారికి లెక్కల పుస్తకం ఉంటుంది. మీ ఆయన అలాంటివారని అనడం లేదు గానీ, ఆ పుస్తకంలో లాభం తగ్గించి చూపడం అంత కష్టమేమీ కాదు. ఇంకో వైపూ చెప్పాలి. మీ ఉద్యోగం పోతే, నెలవారీ భరణాన్ని పెంచమని మీరూ అడగవచ్చు. ఒకేసారి పుచ్చుకున్నాక ఆ తలుపు చాలావరకు మూసుకున్నట్టే.

పన్ను విషయం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 2018 తర్వాత కుదిరిన ఒప్పందాల్లో, భరణం పుచ్చుకునేవారు ఫెడరల్ పన్ను కట్టక్కర్లేదు. భారత్‌లో మాత్రం నెలనెలా వచ్చేదాన్ని ఆదాయంగా, ఒకేసారి వచ్చేదాన్ని మూలధనంగా, అంటే ఆదాయపు పన్ను పడనిదిగా, చూసిన బొంబాయి హైకోర్టు తీర్పు ఉంది. నెలవారీ భరణం మీద పన్ను పడే చోటైతే నేను చెప్పిన 18 నెలల తేడా ఇంకా తగ్గుతుంది.

మీ వివరాలు చూశాక నా మొగ్గు ఒకేసారి తీసుకోవడం వైపే. కాకపోతే 80కి ఒప్పుకోకండి. 6 శాతం లెక్కన పదేళ్ల భరణానికి సరిసమానమయ్యేది 90 నెలల మొత్తం. బేరం అక్కడ మొదలుపెట్టండి. నెలవారీ భరణం ఏటా పెరిగేలా మాట అనుకుని ఉంటే 90 కూడా తక్కువే. ఆ పెంపు మీ వడ్డీతో సమానమైతే మొత్తం 120 దగ్గరికి చేరాలి. అవతలివాళ్లు ఈ పెంపు ఊసే ఎత్తరు, మీరే ఎత్తాలి.

80 దగ్గరే బిగుసుకు కూర్చుంటే సగం ఒకేసారి, సగం నెలనెలా అడగండి. ఆ నెలవారీ సగానికి భద్రతగా ఆయన పేరిట జీవిత బీమా ఉండాలి, డబ్బు మీకు చేరేలా రాయించాలి, ప్రీమియం కట్టిన రసీదు ఏటా మీకు చూపాలి. 25వ సెక్షన్ ప్రకారం ఆయన స్థిరాస్తి మీద ఛార్జి పెట్టమనీ, అంటే భరణానికి ఆ ఆస్తినే హామీగా ఉంచమనీ కోర్టును కోరవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

పాప ఖర్చును ఇందులో కలపనివ్వకండి. "అన్నీ కలిపి ఒక ఫిగర్" అంటే వినడానికి బాగానే ఉంటుంది, రేపు కాలేజీ ఫీజు దగ్గర పేచీ వస్తుంది. డబ్బుకు బదులు ఇల్లు ఇస్తామంటే దాని మీద అప్పు ఎంతుందో, వాయిదాలు ఎవరి పేరున ఉన్నాయో చూడండి. గోడలు అమ్ముకుని నెల ఖర్చు గడవదు. మొత్తం ఖాతాలో పడకుండా "పూర్తిగా ముట్టింది" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు.

డబ్బు వచ్చాక ఏడాది ఖర్చు పొదుపు ఖాతాలో ఉంచండి. మిగతాది ఏటా ఒకటి చొప్పున గడువు తీరేలా డిపాజిట్లుగా విడగొట్టండి. ఎవరైనా చేబదులు అడిగితే, అంతా డిపాజిట్లలో ఉందని నిజమే చెప్పవచ్చు.