ఎయిర్ బ్యాగులు వేయిస్తే ట్రక్కు మోసే బరువు పెరుగుతుందా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్-1బి వీసాపై పనిచేస్తున్నాను, ఏడాదికి 1,65,000 డాలర్ల జీతం. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. ఇద్దరు చిన్నపిల్లలు. మాకు 2021 ఫోర్డ్ ఎఫ్-150 ఉంది. దానిమీద ఇంకా 19,000 డాలర్ల అప్పు ఉంది, అమ్మితే 30,000 వస్తుంది. వెనుక తొట్టిలో పెట్టుకునే పాత క్యాంపర్ ఒకటి 26,000 డాలర్లకు చూశాం. ఖాళీ బరువు 2,300 పౌన్లు. 4,000 ముందు కడితే మిగతా 22,000 తొమ్మిది శాతం వడ్డీకి 15 ఏళ్ల వాయిదాలపై ఇస్తారట. ట్రక్కు తలుపు దగ్గర స్టిక్కర్‌పై 1,583 పౌన్లు అని ఉంది. అయితే వెనుక స్ప్రింగులకు తోడుగా గాలి నింపి బిగించే ఎయిర్ బ్యాగులు, మలుపులలో ఊగకుండా పట్టే స్వే బార్, గట్టి టైర్లు వేయిస్తే 3,400 డాలర్లలో సమస్య తీరుతుందని షాపువారు అంటున్నారు. క్యాంపర్ వడ్డీకి పన్ను మినహాయింపు కూడా ఉంటుందట. మా పొదుపు 31,000, నెల ఖర్చు 6,500. ఇంటి అప్పుపై ఏడాదికి 14,000 వడ్డీ, 9,000 ఆస్తి పన్ను కడుతున్నాం. ఈ 3,400 పెట్టవచ్చా, లేక పెద్ద ట్రక్కుకు మారాలా?

జవాబు: ఆ 3,400 డాలర్లు ఈ క్యాంపర్ కోసం పెట్టకండి. మొత్తం పెద్దదని ఈ మాట అనడం లేదు. మీకు కావలసింది ట్రక్కుకు మోసే శక్తి. షాపులో అమ్మేది ట్రక్కు వెనుక భాగం కుంగకుండా నిలబెట్టే సామగ్రి. ఎంత ఖర్చు పెట్టినా రెండోది మొదటిదిగా మారదు. డబ్బు సంగతి తరువాత, ముందు బరువు లెక్క చూద్దాం.

స్టిక్కర్‌పై ఉన్న 1,583 పౌన్లు, అంటే సుమారు 718 కిలోలు, మనుషులనూ సామానునూ కలిపి చెప్పిన పరిమితి. మీ నలుగురి బరువు ఉజ్జాయింపుగా 425 పౌన్లు అనుకుందాం. క్యాంపర్ ఖాళీ బరువు 2,300. ముప్పై గ్యాలన్ల నీళ్లు నింపితే, గ్యాలనుకు 8.34 పౌన్ల చొప్పున మరో 250. గ్యాసు, బ్యాటరీ, తిండి సామాను, పరుపులు, గిన్నెలు, బట్టలు కలిపి 300కు తగ్గవు. క్యాంపర్‌ను ట్రక్కుకు బిగించే ఇనుప సామగ్రి, కొత్తగా వేయించే సస్పెన్షన్ భాగాలు మరో 100. మొత్తం 3,375 పౌన్లు. పరిమితికి రెట్టింపు కంటే ఎక్కువ. పైగా అమ్మకందారు చెప్పే ఖాళీ బరువులో ఏసీ, గుడారపు నీడ వంటి అదనపు ఏర్పాట్లు చాలాసార్లు చేరవు. యాభయ్యో వందో పౌన్లు ఎక్కువైతే సామాను తగ్గించుకోమని చెప్పేవాడిని. ఇక్కడ ఎక్కువైంది 1,792 పౌన్లు. పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టుకుని కొండదారి దిగే బండికి ఇది నిజంగా తలకు మించిన భారం.

ఎయిర్ బ్యాగులు దీన్ని ఎందుకు సరిచేయలేవో కొంచెం వివరంగా చెబుతాను. మిమ్మల్ని ఖర్చులోకి దించుతున్నది ఈ ఒక్క అపోహే. క్యాంపర్ బరువు ఫ్రేమ్ మీద పడుతుంది. అక్కడి నుంచి లీఫ్ స్ప్రింగులు, అంటే మన లారీలవాళ్లు చెప్పే కమాను కట్టల ద్వారా ఇరుసుకు, ఇరుసు నుంచి బేరింగులకు, చక్రాలకు, టైర్లకు దిగుతుంది. ఎయిర్ బ్యాగు కమాను కట్టకు తోడుగా నిలుస్తుంది, అంతే. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, ఫ్రేమ్ అన్నీ పాతవే ఉంటాయి. ఎఫ్-150 వెనుక ఇరుసులో చక్రాన్ని తిప్పే కడ్డీయే బరువును కూడా మోస్తుంది. ఫోర్డ్‌వే పెద్ద ట్రక్కులైన ఎఫ్-250, ఎఫ్-350లలో బరువును బయటి గొట్టం మోస్తుంది, లోపలి కడ్డీకి తిప్పే పని ఒక్కటే. ఈ తేడాను ఏ షాపులోనూ బిగించి ఇవ్వలేరు. గట్టి టైర్లు మంచివే, కానీ టైరు ఎంత మోసినా ఇరుసు పరిమితి పెరగదు. ఎయిర్ బ్యాగుల పెట్టె మీద 5,000 పౌన్లు అని చూసి చాలామంది ధైర్యపడతారు. అది ఆ బ్యాగులు ఎత్తి నిలపగలిగే బరువు. వాహన తయారీదారు నిర్ణయించిన మొత్తం బరువు పరిమితిని ఇవి పెంచవని, దాన్ని దాటవద్దని బ్యాగులు చేసే కంపెనీలే తమ సూచనలలో రాస్తాయి. షాపువారిని ఒక్క ప్రశ్న అడగండి: ఈ పని చేయించాక నా స్టిక్కర్‌పై అంకె ఎంత అవుతుందో రాసి సంతకం చేసి ఇస్తారా? ఇవ్వరు.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ పడుతుందన్నదీ ముఖ్యం. క్యాంపర్ గురుత్వ కేంద్రం వెనుక ఇరుసుకు ముందువైపు ఉండాలి. మీది ఐదున్నర అడుగుల తొట్టి అయితే పెద్ద క్యాంపర్ బరువు ఇరుసు వెనక్కి జారే ప్రమాదం ఉంది. అప్పుడు ముందు చక్రాల మీద పట్టు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. ఎయిర్ బ్యాగుల్లో గాలి నింపితే ట్రక్కు సమంగా ఉన్నట్టు కనబడుతుంది, ముందు చక్రాలకు పోయిన బరువు మాత్రం తిరిగి రాదు. నాకు బాగా భయం కలిగించేది ఇదే. కుంగిన ట్రక్కు కనీసం కంటికి కనిపించి హెచ్చరిస్తుంది. క్యాంపర్ పెట్టుకునేందుకు అమ్మే ట్రక్కులతో, గురుత్వ కేంద్రం ఎక్కడ ఉండాలో చూపే కాగితం ఇవ్వాలని ఫెడరల్ నిబంధన ఉంది. మీ ట్రక్కు పుస్తకాలలో దానికోసం వెతకండి.

అలాగని సస్పెన్షన్ మెరుగుపరచడం దండగ అనుకోవద్దు. పరిమితికి లోపల ఉన్న బరువుతోనే వెనుక భాగం కుంగుతున్నా, మలుపులలో ఊగుతున్నా ఆ ఖర్చుకు విలువ ఉంది. రెండువైపులా విడివిడిగా గాలి నింపే బ్యాగులు ఒక పక్కకు ఒరిగే బరువును సమం చేస్తాయి. గాలి కారుతుందన్న బెంగ వద్దనుకుంటే రబ్బరు స్ప్రింగులు ఉన్నాయి, ధర కూడా తక్కువ. ఎత్తైన సామాను ఊగడమే ఇబ్బంది అయితే ముందు స్వే బార్, మంచి షాక్ అబ్జార్బర్లు చూడాలి. బయటి భాగం బిగించినంత మాత్రాన వారంటీ మొత్తం పోదు, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఆ మేరకు మీకు రక్ష. అధిక బరువు వల్ల పాడైన ఇరుసుకు మాత్రం ఆ రక్ష వర్తిస్తుందని ఆశించకండి.

ఇప్పుడు అప్పు సంగతి. 22,000 డాలర్లకు 9 శాతం వడ్డీతో 15 ఏళ్లంటే నెలకు 223 డాలర్లు. వినడానికి చిన్న మొత్తమే, అందుకే అలా చెబుతారు. మొత్తం కట్టేది 40,000 పైమాటే, అందులో వడ్డీ 18,000 దాటుతుంది. ఐదేళ్లలో 13,400 దాకా కట్టాక కూడా మీ మీద 17,600 అప్పు మిగిలే ఉంటుంది. అప్పటికి మరింత పాతబడిన క్యాంపర్‌కు ఆ ధర వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

పన్ను మినహాయింపు మాట సగమే నిజం. పడుకునే చోటు, వంటకు వీలు, మరుగుదొడ్డి ఉన్న క్యాంపర్‌ను అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ రెండో ఇల్లుగా అంగీకరిస్తుంది, అప్పు దాన్నే తాకట్టు పెట్టి తీసుకున్నదైతే. కానీ ఖర్చులను విడివిడిగా చూపేవారికే ఆ లాభం. మీ ఇంటి వడ్డీ, ఆస్తి పన్ను కలిసి 23,000. మొదటి ఏడాది క్యాంపర్ వడ్డీ 1,950 కలిపినా 25,000 లోపే. ఖర్చులు చూపకుండానే దంపతులకు దొరికే స్థిర మినహాయింపు, అంటే స్టాండర్డ్ డిడక్షన్, 2025కు 31,500. విరాళాల వంటివి పెద్ద మొత్తంలో లేకపోతే ఈ వడ్డీ వల్ల మీకు ఒక్క డాలరు పన్ను కూడా తగ్గదు.

వీసా గురించి కూడా చెప్పాలి, షాపువారు దాని జోలికి రారు. ఉద్యోగం పోతే హెచ్-1బిపై ఉన్నవారికి కొత్త యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఒకే జీతం మీద నడిచే ఇల్లు మీది. ఇప్పుడున్న 31,000 ఐదు నెలల ఖర్చుకు కూడా నిండుగా రాదు. క్యాంపర్ ముందస్తు సొమ్ము, సస్పెన్షన్ ఖర్చు తీసేస్తే 23,600 మిగులుతుంది, అంటే మూడున్నర నెలలకు కాస్త ఎక్కువ. ఊరో దేశమో మారవలసి వస్తే రెండు నెలలలో ఇల్లు, ట్రక్కు, అప్పు మిగిలిన క్యాంపర్ మూడూ అమ్మి బయటపడటం ఎంత కష్టమో ఒకసారి ఊహించుకోండి. మీలాంటి కుటుంబానికి కనీసం ఎనిమిది నెలల ఖర్చు, అంటే 52,000 చేతిలో ఉండాలంటాను. అది నిండేవరకు కొత్త వాయిదా ఏదీ వద్దు.

పెద్ద ట్రక్కుకు మారితే బరువు సమస్య తీరవచ్చు, డబ్బు సమస్య పెరుగుతుంది. పాతదైనా మంచి ఎఫ్-350 ఒకటి 50,000కు దొరికిందనుకుందాం. మీ ట్రక్కు అమ్మి, అప్పు తీర్చగా మిగిలే 11,000 అందులో పెడితే 39,000 కొత్త అప్పు. క్యాంపర్‌తో కలిపి 61,000. ఇప్పుడున్నది 19,000. టైర్లు, బీమా, ఇంధనం అన్నీ పెరుగుతాయి. పెద్ద ట్రక్కైనా స్టిక్కర్ చూడకుండా కొనవద్దు. డీజిల్ ఇంజను బరువెక్కువ కాబట్టి అదే మోడల్‌లో మోసే పరిమితి తగ్గిపోతుంది.

కొత్త ట్రక్కు కొంటే వాహన రుణ వడ్డీకి 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 10,000 డాలర్ల దాకా మినహాయింపు ఉందని మీరు వినే ఉంటారు. అది నిజమే, స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికీ వర్తిస్తుంది, మీ ఆదాయానికి అర్హత ఉంది. పాత వాహనాలకు వర్తించదు, చివరి కూర్పు అమెరికాలోనే జరిగి ఉండాలి. ఫోర్డ్ ఎఫ్-250 కెంటకీలో తయారవుతుంది. రామ్ 2500 మెక్సికోలోని సాల్టియోలో తయారవుతుంది, కాబట్టి దానికి రాదు. కానీ మీరు ఉన్న 22 శాతం శ్లాబులో 4,000 వడ్డీ కడితే తగ్గే పన్ను 880 మాత్రమే. మిగతా 3,120 మీ జేబులోనిదే.

పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడే బిగ్ బెండ్, పాలో డ్యూరో వంటి టెక్సస్ పార్కులు తిప్పి చూపాలన్న కోరిక ఎంత విలువైనదో నాకు తెలుసు. దాన్ని వాయిదా వేయమనడం లేదు. ఇదే ట్రక్కుతో తేలికపాటి ట్రైలర్ లాగండి. ట్రైలర్ బరువును దాని చక్రాలే మోస్తాయి. కొక్కెం మీద పడేది పదో వంతు నుంచి పదిహేను శాతం వరకే. నిండుగా 4,500 పౌన్లు తూగే ట్రైలర్ అయితే ట్రక్కు మీద పడేది 450 నుంచి 675 వరకు. మీ నలుగురి 425, తొట్టిలో 200 పౌన్ల సామాను, కొక్కెం సామగ్రి కలిపినా 1,583కు ఇంకా రెండువందల పౌన్ల దాకా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ అలాగే ఉంచండి.

అదీ కొనవద్దు, ఈ ఏడాదికి అద్దెకు తీసుకోండి. ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ వంటి వేదికలలో రాత్రికి వంద, నూట యాభై డాలర్ల ప్రాంతంలో దొరుకుతాయి. సెలవుల్లో పది రాత్రులు తిరిగినా, క్యాంపర్ వాయిదాలకు ఏడాదికి కట్టే 2,678 కంటే తక్కువే. మీ కుటుంబానికి ఈ తిరుగుడు నిజంగా నచ్చుతుందో లేదో కూడా తేలిపోతుంది.

మొదటి ప్రయాణానికి ముందు రెండు పనులు చేయండి. కుటుంబంతో, నిండు ట్యాంకుతో, సామానుతో, ట్రైలర్ తగిలించి హైవే పక్క ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి. ఖర్చు ఇరవై డాలర్ల లోపే. ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ మూడింటి బరువూ విడివిడిగా చీటీలో వస్తుంది. రెండోది బీమా. టెక్సస్ చట్టం అడిగే కనీస బాధ్యతా బీమా ఒకరి గాయానికి 30,000, మొత్తం ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000 మాత్రమే. ఇల్లూ జీతమూ ఉన్నవారికి అది చాలదు. వాహన బీమా పరిమితులు పెంచి, ఆ పరిమితి దాటిన నష్టానికి అక్కరకొచ్చే పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ దాని పైన తీసుకోండి. సాధారణంగా ఏడాదికి కొన్ని వందల డాలర్లతో అయిపోతుంది, షాపువారు అడిగిన 3,400లో చిన్న భాగం. తూకం చీటీ, స్టిక్కర్ ఫోటో పంపితే, ఎయిర్ బ్యాగుల అవసరం అసలు ఉందో లేదో అప్పుడు అంకెలతో చెబుతాను.