షుగర్ పుండుకి ఎక్సోజోమ్ ఇంజెక్షన్ పనిచేస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. కాలి బొటనవేలి దగ్గర పుండు నెలలైనా మానట్లేదు. ఒక క్లినిక్‌లో ఎక్సోజోమ్‌లు ఎక్కిస్తే కొత్త రక్తనాళాలు పుడతాయంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇప్పుడైతే వద్దమ్మా. వాళ్లు చెప్పే సైన్స్ నిజమే, వైద్యంగా మాత్రం అది ఇంకా రుజువు కాలేదు.

ఎక్సోజోమ్‌లంటే మన కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులు, సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. 1983లో, ఎదుగుతున్న ఎర్ర రక్తకణాల్లో వీటిని చూసినప్పుడు కణం అక్కర్లేనిది పారేస్తోందనుకున్నారు. 2007లో వీటి లోపలి ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారం మోసే అణువు) ఇంకో కణంలోకి చేరి అక్కడ పనిచేస్తుందని తేలాక అందరి దృష్టీ వీటిమీద పడింది. ఆక్సిజన్ అందని కణాలు వీటిని ఎక్కువగా వదులుతాయి, లోపలి సరుకూ మారుతుంది. ఉదాహరణకి మిర్-126 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ. రక్తనాళం లోపలి పొర కణాల్లో పెరుగుదల సంకేతానికి బ్రేకులా అడ్డుపడే ప్రొటీన్లుంటాయి, వాటి తయారీని ఇది తగ్గిస్తుంది. అప్పుడు ఆ నాళపు కణాల్లో ఒకటి తన చుట్టూ ఉన్న పొరను కరిగించుకుంటూ ముందుకు పాకుతుంది, వెనకున్నవి విభజన చెందుతూ దాన్ని అనుసరిస్తాయి, కాసేపటికి మధ్యలో ఖాళీ ఏర్పడి సన్నటి గొట్టమవుతుంది, అదే కొత్త రక్తనాళం. షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో ఈ మిర్-126 తగ్గుతుందని 2010లోనే గమనించారు, అందుకే ఇంత ఆశ.

కానీ క్యాన్సర్ గడ్డలు కూడా తమకి రక్తం రప్పించుకోవడానికి ఇవే సంచులు వాడతాయి. పైగా ఎక్కించే సీసాలో ఏ కణాలవి, ఎన్ని, ఎంత శుభ్రంగా తీశారన్నది మీకెవరు చెబుతారు? అనుమతి లేని ఇలాంటి ఉత్పత్తుల వల్ల రోగులకు తీవ్రమైన ఇబ్బందులొచ్చాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో హెచ్చరించింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది వేరే. తొడలోనో పిక్కలోనో పెద్ద ధమని మూసుకుపోయి ఉంటే, వేలి దగ్గర ఎన్ని చిన్న నాళాలు మొలిచినా వాటిలోకి రక్తం ఎక్కణ్నుంచి వస్తుంది? ముందు నిమ్స్‌లోనో, వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) ఉన్న మరేదైనా ఆసుపత్రిలోనో కాలి డాప్లర్, అంటే రక్తప్రవాహం చూసే స్కాన్ చేయించండి. చీలమండ దగ్గర బీపీ చూసి బాగుందంటే అక్కడితో ఆగకండి, షుగర్‌లో ధమనులు గట్టిపడి ఆ అంకె ఎక్కువగా చూపిస్తుంది, వేలి దగ్గర ప్రెషర్ కూడా చూడమని అడగండి. అడ్డు కనిపిస్తే యాంజియోప్లాస్టీ గానీ బైపాస్ గానీ చెబుతారు. ఈలోగా వేలు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదేరోజు క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.