పెరట్లో అరటి వేస్తానన్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు ఫోన్‌లో అడిగినదానికి రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అమలాపురం పక్కన సొంత ఇల్లు, వెనకాల నాలుగు సెంట్ల ఖాళీ, గట్టు దిగితే పంటకాలవ. అలాంటి చోట అరటి వేయకపోతేనే తప్పు. కానీ కడియం నర్సరీ నుంచి జి-9 అనే అరటి రకం, ల్యాబులో పెంచిన టిష్యూకల్చర్ మొక్కలు ఓ ఇరవై తెప్పించి ఒక్కసారే పాతించేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చేయొద్దు.

జి-9 మంచి రకమే. మార్కెట్టుకి పంపే రైతుకి అది సరిగ్గా సరిపోతుంది. మొక్కలన్నీ ఒకే వయసువి కాబట్టి గెలలన్నీ ఇంచుమించు ఒక్కసారే వస్తాయి, గెల ఒక్కటీ పాతిక ముప్ఫై కిలోలు తూగుతుంది. వాటిని నువ్వు ఏం చేసుకుంటావు? పైగా దానికి ఎరువూ నీళ్ళూ లెక్క తప్పకుండా అందాలి. ఇంటివాళ్ళకి కావలసింది వేరు. ఏడాది పొడుగునా కూరకి కాయో, పిల్లలకి పండో, పండక్కి ఆకో, ఏదో ఒకటి చేతికి అందుతూ ఉండాలి. దానికి నాలుగైదు మొదళ్ళు చాలు. ఒక్కో మొదట్లో గెల వేసిన తల్లి, నడుమెత్తు పిల్ల, అప్పుడే నేల చీల్చుకుని వచ్చిన మనవరాలు, ఈ మూడు తరాలూ ఎప్పుడూ కనపడాలి. అరటి ఒక్క గెల వేసి అయిపోయే చెట్టు. ఆ మాటకొస్తే అది చెట్టే కాదు, మనం మాను అనుకునేదంతా ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకుపట్టలే. అది పోయినా దుంప బతికే ఉంటుంది. నువ్వు కనిపెట్టుకుని ఉండాల్సింది దుంపనీ, దాని పిలకల్నీ.

రకాల సంగతి. రెండు కర్పూర చక్కరకేళి, రెండు బొంత వెయ్యి. కర్పూరానికి, మట్టిలోని బూజు వల్ల వచ్చే పనామా తెగులు బెడద తక్కువ, పండు గెల నుంచి తొందరగా రాలదు, తోలు పల్చన, ఆకు కూడా భోజనానికి బాగుంటుంది. బొంత లేని పెరడు నాకు పెరడులా అనిపించదు. బజ్జీకైనా ఆవపెట్టిన కూరకైనా అదే. కొవ్వూరు పరిశోధనా స్థానం వాళ్ళ కొవ్వూరు బొంత అని ఒక రకం ఉంది, దొరికితే వదలకు. మీ ఆయనకి అమృతపాణి ఇష్టమని తెలుసు. రుచిలో దాన్ని మించింది లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ పనామా తెగులు ముందు పట్టేది దాన్నే. ఆకులు పసుపుపచ్చబడి కాడ దగ్గర విరిగి వేలాడతాయి, కాండం కోసి చూస్తే లోపల ఎరుపు గోధుమరంగు చారలుంటాయి. ఆ బూజు ఒకసారి మట్టిలో చేరితే ఏళ్ళ తరబడి పోదు. ఆయన మరీ పట్టుబడితే ఒకే ఒక్కటి, మిగతావాటికి దూరంగా ఓ మూల వేసుకో.

ఇక అసలు విషయం పిలక. దీని దగ్గర తొందరపడకు. తల్లిచెట్టు చుట్టూ రెండు రకాల పిలకలు వస్తాయి. ఒకటి చిన్నప్పుడే వెడల్పాటి ఆకులు వేసి చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. అవి నీటి పిలకలు, మొదలు సన్నగా, దుంప చిన్నదిగా ఉంటుంది, గెల బలంగా రాదు. రెండోది కత్తిలా సన్నటి ఆకులతో, మొదలు లావుగా, పైకి పోనుపోను కోసుగా ఉంటుంది. అదే సూది పిలక. చూపుకి పీలగా ఉన్నా నీకు కావలసింది అదే. మంచి గెల వేసిన చెట్టు పక్కది, రెండు మూడు అడుగుల ఎత్తున్నది ఎంచుకోవాలి. గునపంతో తల్లిదుంపకి దెబ్బ తగలకుండా విడదీసి, వేళ్ళన్నీ చెక్కేసి దుంపని కడిగి చూడు. తెల్లగా గట్టిగా ఉంటే మంచిది. నల్లటి సొరంగాలు కనిపిస్తే అది దుంపపురుగు, మొహమాటపడకుండా పారెయ్. బాగున్న పిలకకి దుంప మీద జానెడు కాండం ఉంచి పైది కోసెయ్యాలి. కోసిన కాసేపటికే ఆ తెల్లటి గుండ్రం మధ్యలోంచి లేత ఆకు మొన పైకి పొడుచుకొస్తుంది, మర్నాటికి ఇంకాస్త లేస్తుంది. అలా లేచిందంటే పిలకలో జీవం ఉన్నట్టు లెక్క.

ఒకటిన్నర అడుగుల గొయ్యి, చెట్టుకీ చెట్టుకీ ఆరడుగుల పైన ఎడం, గోతిలో అయిదు కిలోల మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి. అంతే. తొలకరిలో రెండు పాతు, మిగతా రెండూ కార్తీకంలో పాతు, అప్పుడు గెలలు ఎడం ఎడంగా వస్తాయి. బాత్‌రూము నీళ్ళు అటు మళ్ళించుకోవచ్చు, మనవాళ్ళంతా చేసేదే. కానీ మనది బరువు నేల, అడుగున ఎప్పుడూ చెమ్మే. అరటికి పారే నీళ్ళు కావాలి, నిలవ నీళ్ళు పనికిరావు. చుట్టూ బోదె తీసి మొదట్లోకి మట్టి ఎగదోస్తూ ఉండు. పొయ్యి బూడిద ఎవరింట దొరికినా తెచ్చి వెయ్యి, గెల బరువు పెరగాలంటే పొటాష్ కావాలి, అది బూడిదలో ఉంది.

మొక్క ఎదిగేకొద్దీ పిలకలు పుడుతూనే ఉంటాయి. పచ్చగా ఉన్నాయి కదా అని వదిలేస్తే అవే తల్లి తిండి తినేస్తాయి. తల్లికి పువ్వు కనపడేదాకా వచ్చినదాన్ని వచ్చినట్టు నేలమట్టానికి కోసి, మధ్యలో మొవ్వుని కూడా గునపంతో పొడిచెయ్యాలి. లేకపోతే మళ్ళీ లేస్తుంది. పువ్వు బయటికి వచ్చాక ఒకే ఒక్క సూది పిలకని ఉంచు, అది కూడా గెల వాలే వైపుకి ఎదురు దిక్కున ఉన్నదాన్ని. మూడు తరాల లెక్క కుదరాలంటే కష్టమంతా ఇక్కడే.

తెగుళ్ళలో ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. కొత్త ఆకులు పొట్టిగా, ఇరుకుగా, నిటారుగా ఒకదానిలో ఒకటి కుచ్చులా లేస్తుంటే అది బంచీటాప్. ఆకు కాడ మీద, ఈనెల వెంట ముదురాకుపచ్చ చుక్కలూ గీతలూ కనపడతాయి. దానికి మందు లేదు. పేనుబంక పురుగు ఆ తెగులుని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోసుకుపోతుంది కాబట్టి ముందు ఆ పురుగు చచ్చేలా మందు కొట్టించి, తర్వాత దుంపతో, పిలకలతో సహా తవ్వించి తీసెయ్. ఆ పిలక ఎవరికీ ఇవ్వకు. ఆకుమచ్చలకి అంత టెన్షన్ అక్కర్లేదు, మచ్చ పడ్డ ఆకులు కోసి కాల్చేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లే కూలిపోయాయి, అరటి ఎంత? గెల దిగగానే వెదురు కర్ర గానీ సరుగుడు బాదు గానీ ఊతం పెట్టించు. ఆశ్వయుజ కార్తీకాల్లో గెల ఉంటే రెండు వైపులా పెట్టించు.

గెలకి కాయలు పట్టే హస్తాలన్నీ, అంటే కాయల గుత్తులన్నీ, విచ్చుకున్నాక, కింద మిగిలిన పువ్వుని కోసెయ్. కాయలకి బలం, నీకు కూర. ఆ పువ్వు వలిచేటప్పుడు చేతులకి నూనె రాసుకో, పాత చీర కట్టుకో, అరటి జిగురు మరక ఏ సబ్బుకీ వదలదు. ఒక్కో రేక్కింద వరసగా ఉన్న చిన్న పూలు తీసి, ఒక్కోదాని లోపలి గట్టి కాడనీ, పక్కనున్న పారదర్శకమైన పొరనీ లాగెయ్యాలి. అవి ఉడకవు. తరిగిన ముక్కలు వెంటనే మజ్జిగలో వేస్తే నల్లబడవు. ఉప్పూ పసుపూ వేసి పిసికి పిండితే వగరు పోతుంది. ఆ తర్వాత చింతపండు పులుసులో ఉడికించి ఆవ పెట్టడం నీకు మీ అమ్మ నేర్పే ఉంటుంది.

పువ్వు వచ్చిన మూడు నెలల పైచిలుకుకి కాయ పలకలు తగ్గి గుండ్రబడుతుంది. అప్పుడు కొట్టించు. చెట్టు మీద పండేదాకా ఆగితే కాయ పగులుతుంది, పిట్టలూ గబ్బిలాలూ వదలవు. గెలని నీడలో వేలాడదీస్తే పై హస్తం నుంచి వరసగా రంగు తిరుగుతుంది. తొందరైతే ఓ హస్తం కోసి, ఎండుగడ్డిలో చుట్టి, పక్కన ఒక పండిన పండు పెట్టు. ఆ పండు నుంచి వచ్చే వాయువే మిగతావాటిని మగ్గిస్తుంది. కార్బైడ్ ఊసెత్తకు, దానితో పళ్ళు మగ్గబెట్టడం చట్టప్రకారం కూడా నిషేధమే. పండిన హస్తంలో సగం పక్కింటికి పంపు.

గెల కొట్టాక మానుని మొదలంటా నరికించకు. మోకాలెత్తుకి పైన ఉంచి కొన్ని వారాలు వదిలేస్తే అందులోని సారం దుంప ద్వారా పిలకకి చేరుతుంది. నరికిన పై భాగంలో నాలుగు పట్టలు ఒలిస్తే లోపల తెల్లటి దూట. చక్రాలుగా కోసి, కోత కోతకీ వచ్చే పీచుని వేలికి చుట్టుకుంటూ తీసి మజ్జిగలో వెయ్యి, పెరుగుపచ్చడి చేసుకో. ఒలిచిన పట్టలు ఎండబెడితే నార, పూలదండలకి దారం కొనక్కర్లేదు. కార్తీకంలో అయితే పట్టల్ని దొప్పలుగా కోసి దాచు, పోలిపాడ్యమి తెల్లవారుజామున కాలవలో దీపాలు వదలడానికి మీ వీధి వాళ్ళంతా నీ గుమ్మంలోకే వస్తారు.

మూడు నాలుగు గెలలయ్యాక దుంప పైకి తేలి బలం తగ్గుతుంది. అప్పుడు తవ్వేసి, చోటు మార్చి కొత్త పిలక వేసుకో.

కర్పూరం, బొంత సూది పిలకలు మా తోటలోంచే తీయిస్తాను. తొలకరి పడగానే మీ మావయ్య బండిమీద తెచ్చి ఇస్తారు. ఈలోపు గోతులు తవ్వించి ఎండకి వదిలెయ్. కాలవ గట్టు వైపు మాత్రం తవ్వించకు, వానాకాలం అక్కడ నీరు ఊరుతుంది. నూతి పక్క ఎత్తు నేల చూసుకో.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య