కంప్యూటర్ తెరమీద ప్రయోగాన్ని అనుకరించే సిమ్యులేషన్ చూపిస్తే ల్యాబ్ ప్రయోగం అక్కర్లేదా?

ల్యాబ్ కావాల్సిందే, సిమ్యులేషన్ కారణాన్ని కళ్లకు కట్టిస్తుంది గానీ, కొలవడం నేర్పదు. అందులో ఒక్క రాశినే మార్చి మిగతావి కదలకుండా ఉంచొచ్చు. దాని బలమంతా అదే.

అంతర్వేది దగ్గర గోదావరి దాటి సముద్రంలోకి వెళ్లిన పడవ కాస్త పైకి తేలుతుంది. లోతు ఎక్కువనా? కాదు, ఉప్పునీటి సాంద్రత ఎక్కువ. సిమ్యులేషన్‌లో 4.1 కిలోల, 5 లీటర్ల చెక్క దిమ్మను తేల్చి, ద్రవ సాంద్రతను లీటరుకు 1 కిలో నుంచి 1.025కి జరపండి: మునిగిన భాగం 4.1 లీటర్ల నుంచి 4కి తగ్గుతుంది. స్లైడర్ ముట్టుకోకముందే పిల్లలతో ఊహ రాయించాలి, లేకపోతే అది ఆటైపోతుంది.

ఇదే ల్యాబ్‌లో నీళ్ల తొట్టిలో చేసినప్పుడు సరిగ్గా 4 రాకపోతే ప్రయోగం తప్పిందనుకుంటారు. తెరమీది అంకె లెక్కగట్టినది. తొట్టిలోనేమో చెక్క నీరు పీలుస్తుంది, అంచున నీరు వంపు తిరుగుతుంది.